తాళం, ఖాతా, తనిఖీ: లైసెన్సు పొందిన ఆయుధ విక్రయశాలల భద్రతా నిబంధనల చరిత్ర

ఉపోద్ఘాతం

తిక్కన ఆంధ్ర మహాభారత రచనను విరాటపర్వంతో ఆరంభించాడు. ఆ పర్వం తొలి ఘట్టాల్లోనే, అజ్ఞాతవాసానికి బయలుదేరిన పాండవులు విరాటనగరం వెలుపల శ్మశాన సమీపంలోని జమ్మిచెట్టు మీద తమ ఆయుధాలను భద్రపరుస్తారు. చూసినవారు శవమని జంకి దగ్గరకు రాకుండా ఏర్పాటు చేస్తారు. తనకూ అర్జునుడికీ తప్ప ఇతరులకు, ఆఖరికి భీముడికి సైతం, ఆ ఆయుధాలు కనబడరాదని ధర్మరాజు వేడుకుంటాడు. గడువు తీరాక ఉత్తరుడు చెట్టెక్కి మూట విప్పినప్పుడు, ఏ విల్లు ఎవరిదో, ఏ ఖడ్గం ఎవరిదో బృహన్నల వేషంలోని అర్జునుడు ఒక్కొక్కటిగా గుర్తించి చెబుతాడు.

ఈ ఘట్టాన్ని కథాసంవిధానం దృష్టితో చదవడం అలవాటు. ఆయుధ రక్షణ దృష్టితో చదివినప్పుడు ఇందులో మూడు ఏర్పాట్లు కనిపిస్తాయి. మొదటిది స్థలం: ఇతరులు చేరడానికి సాహసించని చోటు. రెండవది అధికారం: ఎవరు తీయవచ్చో, ఎవరు తీయరాదో ముందుగానే నిర్ణయించడం. ఇందులో యజమానిని సైతం మినహాయించడం గమనించదగినది. మూడవది గుర్తింపు: దాచినవాటిని తిరిగి తీసేటప్పుడు ప్రతి వస్తువునూ దాని యజమానితో జతపరచి చెప్పగలగడం. ఆధునిక భారతదేశంలో లైసెన్సుతో తుపాకులు అమ్మే దుకాణాలకు విధించిన భద్రతా నిబంధనలు కూడా ఈ మూడు అంశాల చుట్టూనే ఏర్పడ్డాయి.

ఆ నిబంధనలు ఏ చారిత్రక సందర్భాల్లో రూపొందాయో, ఏ ఘటనలు వాటి లోపాలను బయటపెట్టాయో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఆయుధ విక్రయశాల భద్రత అనగానే ఇనుప తలుపులు, బీరువాలు, తాళాలు గుర్తుకు వస్తాయి. చరిత్రను పరిశీలిస్తే తాళం కన్నా ఖాతాకు, గోడ కన్నా చేతులు మారే సందర్భానికి ఎక్కువ ప్రాధాన్యం ఉన్నట్లు స్పష్టమవుతుంది. ఈ ప్రతిపాదనకు 1914లో కలకత్తాలో జరిగిన రొడ్డా కంపెనీ ఘటన ప్రధానమైన ఆధారం. 1922 నాటి మన్యం దాడులు, 1930 నాటి చిట్టగాంగ్ దాడి దానికి పోలికగా నిలుస్తాయి.

నిక్షేపం: పాత భావన, పాత బాధ్యత

ఒకరి వస్తువును మరొకరు నమ్మకంతో భద్రపరచడం ప్రాచీన ధర్మశాస్త్రాల్లో ఒక వ్యవహారపదం. మనుస్మృతి చెప్పిన 18 వ్యవహారపదాల్లో నిక్షేపం ఒకటి. యాజ్ఞవల్క్యస్మృతి పెట్టెలో పెట్టి, లోపల ఏముందో చూపకుండా అప్పగించిన వస్తువును ఉపనిధి అని ప్రత్యేకంగా పేర్కొన్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకొని కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. తన దశకుమారచరిత్రను తిక్కనకే అంకితమిచ్చిన కవి కేతన. అందువల్ల జమ్మిచెట్టు ఘట్టమూ వ్యవహార ధర్మమూ దాదాపు ఒకే కాలంలో, ఒకే సాహిత్య వాతావరణంలో తెలుగులోకి వచ్చాయి.

ఉపనిధి విషయంలో యాజ్ఞవల్క్యుడు చెప్పిన ఒక మినహాయింపు ప్రస్తుత చర్చకు ముఖ్యం. రాజు వల్ల గాని, దైవవశాన గాని, దొంగల వల్ల గాని వస్తువు పోతే దాచినవాడు చెల్లించనక్కరలేదు. తన ఇష్టం వచ్చినట్లు దానిని వాడుకొని లాభం పొందితే మాత్రం దండనకు పాత్రుడు. 1872 నాటి భారత ఒప్పంద చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. అప్పగించిన వస్తువు విషయంలో సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువు పట్ల తీసుకునేంత జాగ్రత్త తీసుకుంటే చాలునని, అంత జాగ్రత్త తీసుకున్నాక వస్తువు పోయినా బాధ్యత లేదని ఆ చట్టం 151, 152 సెక్షన్లు చెబుతున్నాయి.

బంగారం పోతే నష్టపోయేది దాని యజమాని. తుపాకి పోతే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. అది ఎవరి చేతికి చేరుతుందో, ఎవరి మీద గురిపెట్టబడుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి నిక్షేప ధర్మం నిర్దేశించిన ‘తగినంత జాగ్రత్త’ అనే ప్రమాణం ఆయుధాల విషయంలో చాలదు. ఆయుధ చట్టాలు సాధారణ ఒప్పంద చట్టం నుంచి విడిపోయి ప్రత్యేక మార్గం పట్టడానికి మూలం ఇక్కడే ఉంది.

ఖాతా అనే ఆలోచన కూడా పాతదే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుడికి ఒక ప్రత్యేక ప్రకరణం ఉంది. ఆయుధాలను తరచుగా చోటు మార్చాలనీ, ఎండలో పెట్టాలనీ, వేడి, చెమ్మ, పురుగుల వల్ల పాడయ్యేవాటిని వేరుగా ఉంచాలనీ అందులో ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ప్రతి ఆయుధాన్నీ దాని జాతి, రూపం, లక్షణం, పరిమాణం, వచ్చిన మార్గం, విలువ, ఉంచిన చోటు అనే వివరాలతో తెలుసుకొని ఉండాలని చెప్పబడింది. శామశాస్త్రి మైసూరులో 1909లో ఈ గ్రంథాన్ని ప్రకటించేనాటికి బ్రిటిష్ ఇండియాలోని తుపాకి దుకాణాలు ఇలాంటి వివరాలనే రిజిస్టర్లలో నింపుతున్నాయి. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని చెప్పడానికి వీలులేదు. ఆయుధాలను దాచే ఏ వ్యవస్థ అయినా లెక్క దగ్గరకే చేరుతుందని మాత్రం ఈ సామ్యం సూచిస్తుంది.

1878: రెండు చట్టాలు, ఒకే భయం

1857 తిరుగుబాటు తర్వాత ఆంగ్ల ప్రభుత్వం ప్రజల చేతుల్లోని ఆయుధాల మీద దృష్టి సారించింది. 1857లోనూ 1860లోనూ చేసిన చట్టాల అనంతరం, లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో 11వ చట్టంగా భారత ఆయుధ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఆయుధాలు తయారు చేయడం, మార్చడం, అమ్మడం, అమ్మకానికి ఉంచడం ఈ చట్టం 5వ సెక్షన్ ప్రకారం నేరం. ఆయుధాన్ని దగ్గర ఉంచుకునే హక్కు ముగిసినప్పుడు ఆలస్యం లేకుండా సమీపంలోని పోలీసు ఠాణాలో అప్పగించాలని 16వ సెక్షన్ నిర్దేశించింది. ఆయుధ విక్రయం ఆ విధంగా స్వేచ్ఛా వాణిజ్యం నుంచి అనుమతితో మాత్రమే సాగే వాణిజ్యంగా మారింది.

అదే సంవత్సరం లిట్టన్ ప్రభుత్వమే దేశభాషా పత్రికల చట్టాన్ని కూడా తెచ్చింది. దేశభాషల్లో అచ్చయ్యే పత్రికల మీద జామీనులు, జప్తులు విధించే అధికారం అధికారులకు దానివల్ల దక్కింది. రిపన్ కాలంలో, 1882లో ఆ చట్టం రద్దయింది. ఆయుధ చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా పదిహేనేళ్ల పాటు కొనసాగింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మూడవ మహాసభ ఆయుధ చట్టాన్ని సడలించాలని తీర్మానించింది. యూరోపియన్లకు మినహాయింపులిచ్చి భారతీయుల మీద అపనమ్మకం చూపుతున్నదన్నది ఆ కాలపు ప్రధానమైన ఆక్షేపణ.

తెలుగు సాహిత్య చరిత్రకారులకు ఈ సందర్భంలో మరొక పోలిక తోస్తుంది. 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం వివరాలూ ప్రభుత్వానికి చేరేవి. వాటి నుంచి మూడు నెలలకొకసారి జాబితాలు వెలువడేవి. మద్రాసు రాజధానికి చెందిన ఆ జాబితాలు నేడు తెలుగు పుస్తక చరిత్రకు విలువైన ఆధారాలు. పేరు, స్థలం, సంఖ్య, తేదీ, ఎవరి చేతికి చేరింది అనే గళ్లతో నిండిన రిజిస్టరు ఆనాటి పాలనకు అలవాటైన పనిముట్టు. పుస్తకాన్ని లెక్కించిన చేతులే తుపాకినీ లెక్కించాయి. ఒకదాని వెనుక ఉన్న భయం మరొకదాని వెనుకా ఉంది. అయితే ఫలితాల్లో తేడా ఉంది. పుస్తకాల లెక్కకు పాలకుల భయం తప్ప మరో సమర్థన లేదు. ఆయుధాల లెక్కకు మాత్రం పాలకుల భయంతో సంబంధం లేని సమర్థన కూడా ఉంది. అది ప్రజల ప్రాణ రక్షణ. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే ఆయుధ విక్రయశాలల నిబంధనల చరిత్రను వలస పాలన దౌర్జన్యంగా మాత్రమే చదివే ప్రమాదం ఉంటుంది.

రొడ్డా కంపెనీ ఘటన: తాళం పగలని దొంగతనం

కలకత్తాలోని ఆర్.బి. రొడ్డా కంపెనీ లైసెన్సుతో ఆయుధాలు దిగుమతి చేసుకొని అమ్మే సంస్థ. వాన్సిటార్ట్ రోలో దాని గిడ్డంగి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన నెలలోనే, 1914 ఆగస్టు 26న, ఆ కంపెనీకి వచ్చిన సరకును కస్టమ్స్ కార్యాలయం నుంచి విడిపించే పని ఒక గుమాస్తాకు అప్పగించారు. అతని పేరు శ్రీశచంద్ర మిత్ర. విప్లవ బృందాలతో అతనికి ఉన్న సంబంధం యజమానులకు తెలియదు.

రాజద్రోహ విచారణ సంఘం, అంటే రౌలట్ కమిటీ, 1918లో సమర్పించిన నివేదిక ఈ ఘటనను వివరంగా నమోదు చేసింది. గుమాస్తా విడిపించినవి 202 పెట్టెలు. గిడ్డంగికి చేర్చినవి 192. మిగిలినవి తెస్తానని వెళ్లి తిరిగి రాలేదు. మూడు రోజుల తర్వాత గాని విషయం పోలీసులకు చేరలేదు. కనబడకుండా పోయిన పది పెట్టెల్లో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి. పిస్తోలు పెట్టెనే దాని పిడికి తగిలిస్తే భుజానికి ఆనించి రైఫిలులా కాల్చడానికి వీలుండేది. వాటిలో 44 పిస్తోళ్లు వెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు చేరాయని, 54 ఘటనల్లో వాటి వాడకం రుజువైందని, నివేదిక నాటికి 31 తిరిగి దొరికాయని కమిటీ పేర్కొన్నది.

ఆయుధ విక్రయశాల భద్రత గురించి ఆలోచించేవారికి ఈ ఘటన నాలుగు విషయాలు చెబుతుంది. ఒకటి, ఎవరూ గిడ్డంగి తలుపు పగలగొట్టలేదు. ఆ పెట్టెలు గిడ్డంగికి చేరనే లేదు. కస్టమ్స్ కార్యాలయానికీ దుకాణానికీ మధ్య ఎడ్లబండి మీద ఉన్న కొద్ది గంటల్లో అవి మాయమయ్యాయి. రెండు, సరకు విడిపించే అధికారం, దానిని చేరవేసే బాధ్యత, చేరిందని చెప్పే మాట మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. అతన్ని సరిచూసే రెండవ కన్ను లేదు. మూడు, విడిపించిన సంఖ్యనూ చేరిన సంఖ్యనూ ఆనాడే పక్కపక్కన పెట్టి చూసి కబురు పంపి ఉంటే తేడా సాయంత్రానికే అధికారులకు తెలిసేది. మూడు రోజుల ఆలస్యంలోనే ఆయుధాలు చేతులు మారాయి. నాలుగు, ప్రతి పిస్తోలు మీదా సంఖ్య చెక్కి ఉంది. ఆ సంఖ్యల పట్టిక కంపెనీ దగ్గర ఉంది. తర్వాత ఎక్కడ ఏ పిస్తోలు దొరికినా అది రొడ్డా సరకేనని తేల్చగలిగినది ఆ పట్టిక వల్లనే. అంటే ఖాతా దొంగతనాన్ని ఆపలేకపోయింది. దొంగతనం తర్వాత ఆయుధం నడిచిన దారిని మాత్రం అదే చూపించింది.

ఈ ఘటన ఫలితం ఒక కంపెనీ నష్టంతో ఆగలేదు. బెంగాలులో విప్లవకారుల చర్యల తీవ్రతకు ఉదాహరణగా రౌలట్ కమిటీ దీనిని ప్రస్తావించింది. ఆ కమిటీ సిఫారసుల ఆధారంగా 1919లో రౌలట్ చట్టం వచ్చింది. దేశమంతటా దానిపై నిరసన లేచింది. చట్టానికి ఇతర కారణాలు అనేకం ఉన్నాయి. అయినా ఒక ప్రైవేటు విక్రయశాల నుంచి జారిపోయిన పది పెట్టెలు యావద్దేశ ప్రజల స్వేచ్ఛను కుదించే వాదనలో భాగమయ్యాయన్నది నిజం. ఆయుధ భద్రతలో లోపం జరిగినప్పుడు మూల్యం చెల్లించేది ఆ లోపం చేసినవారు మాత్రమే కాదు. రొడ్డా గుమాస్తాను దేశభక్తుడిగా గౌరవించే దృష్టి నేడు సహజమే. ఆ గౌరవానికీ, ఆనాటి భద్రతా ఏర్పాటు విఫలమైందన్న నిర్ధారణకూ పరస్పర విరోధం లేదు. అదే గుమాస్తా స్థానంలో ధనాశ గల మనిషి ఉన్నా పెట్టెలు అంతే సులువుగా మాయమయ్యేవి.

పోలిక: మన్యం, చిట్టగాంగ్

విక్రయశాలకూ ప్రభుత్వ ఆయుధాగారానికీ స్వభావంలో భేదం ఉంది. ఒకటి అమ్మకం కోసం, మరొకటి వాడకం కోసం. అయినా బలమైన గోడలూ, సాయుధులైన కాపలాదారులూ ఉన్న చోట భద్రత ఎలా విఫలమైందో చూడడం విక్రయశాల నిబంధనలను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. మూడు ఠాణాల్లో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దళానికి దక్కాయి. తీసుకున్న ఆయుధాల వివరాలను ఠాణా డైరీలోనే రాసి, తేదీ వేసి, సంతకం చేసి వెళ్లడం అల్లూరి పద్ధతిగా చరిత్రకారులు నమోదు చేశారు. తెలుగు పాఠకులు దీనిని సాహసానికి, సవాలుకు గుర్తుగా చెప్పుకుంటారు. ఆయుధ భద్రత దృష్టితో చూస్తే అందులో మరొక అర్థం స్ఫురిస్తుంది. ప్రభుత్వం తన అధికారానికి ఆధారంగా భావించిన ఖాతాను ఆ ప్రభుత్వ శత్రువే పూరించాడు. ఇక ఆ తుపాకులు ఎవరి అధీనంలో ఉన్నాయో ఆ పుస్తకమే చెప్పింది.

మూడు రోజుల్లో మూడు ఠాణాలు పోవడానికి కారణం తాళాల బలహీనత కాదు. కొండ ప్రాంతంలో దూరదూరంగా, కొద్దిమంది సిబ్బందితో ఉన్న ఠాణాల్లో ఆయుధాలను చెదరగొట్టి ఉంచడమూ, ఒకచోట జరిగినది మరొకచోటికి వేగంగా తెలియకపోవడమూ అసలు కారణాలు. తర్వాతి కాలంలో అడ్డతీగల ఠాణా మీదికి దళం వచ్చేసరికి ఆయుధాలను ముందుగానే అక్కడి నుంచి తప్పించారు. ఆ ఏర్పాటు వల్ల దళానికి అక్కడ ఆశించినంత దొరకలేదు. స్థలం ఎంత భద్రమన్నది ఎంత ముఖ్యమో, సమాచారం ఎంత వేగంగా చేరిందన్నదీ అంతే ముఖ్యమని మన్యం అనుభవం చెబుతుంది.

సూర్యసేన్ బృందం 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్‌లో రెండు ఆయుధాగారాలను పట్టుకుంది. సహాయక దళానికి చెందిన ఆయుధాగారంలో రైఫిళ్లు, లూయిస్ తుపాకులు చిక్కాయి. వాటికి సరిపోయే తూటాలు మాత్రం దొరకలేదు. అవి వేరేచోట ఉన్నాయి. ఆ రాత్రి పథకం దెబ్బతినడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం. తలుపులు విరిగాయి, కాపలా ఓడింది; తుపాకిని ఒకచోట, తూటాను మరొకచోట ఉంచిన ఏర్పాటు ఒక్కటే నిలబడింది. ఆయుధాన్నీ దానికి ప్రాణమిచ్చే మందునూ వేరుచేయడం నేడు ప్రపంచమంతటా ఆయుధ రక్షణలో ప్రాథమిక సూత్రం.

ఈ మూడు ఘటనలనూ పక్కపక్కన చూసినప్పుడు భద్రత దెబ్బతిన్న చోట్లు, నిలిచిన చోట్లు విడివిడిగా తెలుస్తాయి. కలకత్తాలో దారిలో చేతులు మారేటప్పుడు భద్రత దెబ్బతిన్నది. మన్యంలో ఠాణాకూ ఠాణాకూ మధ్య సమాచారం లేక దెబ్బతిన్నది. చిట్టగాంగ్‌లో గోడ దగ్గర దెబ్బతిన్నా వేర్పాటు దగ్గర నిలిచింది. గోడ ఒక్కటే చాలిన సందర్భం వీటిలో ఒక్కటీ లేదు.

1959 తర్వాత: వ్యాపారి, నిక్షేపకుడు

స్వతంత్ర భారతదేశంలో 1959లో 54వ చట్టంగా కొత్త ఆయుధ చట్టం వచ్చింది. దానికి అనుబంధంగా 1962లో ఆయుధ నియమాలు వచ్చాయి. అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి చట్టం అమలైంది. జాతి ఆధారంగా ఉన్న మినహాయింపులు పోయాయి. ప్రజలను నిరాయుధులను చేయడం స్థానంలో ప్రజల భద్రత చట్టానికి ప్రకటిత లక్ష్యమైంది. అయినా పాత చట్టం అస్థిపంజరం చాలావరకు నిలిచింది. లైసెన్సు, రిజిస్టరు, తనిఖీ, జప్తు, అప్పగింత అనే ఐదు అంగాలూ కొత్త చట్టంలోనూ ఉన్నాయి.

వీటిలో విక్రయశాలకు సంబంధించినవి మూడు. చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీ, అమ్మకం, మరమ్మతు, అమ్మకానికి ఉంచడం లైసెన్సుతోనే జరగాలి. లైసెన్సులో పేర్కొన్న స్థలంలో, పేర్కొన్న రకాల్లో, పేర్కొన్న పరిమాణంలో మాత్రమే సరకు ఉండాలి. వచ్చినదీ పోయినదీ రిజిస్టర్లలో చూపాలి. అధికారులు అడిగినప్పుడు సరకునూ పుస్తకాలనూ చూపాలి. 8వ సెక్షన్ తుపాకి మీది పేరును, సంఖ్యను, గుర్తును చెరపడం, మార్చడం నిషేధించింది. రొడ్డా పిస్తోళ్ల మీది సంఖ్యలు చేసిన పని చట్టరీత్యా ప్రతి తుపాకికీ తప్పనిసరి అయిందన్నమాట. లైసెన్సు షరతును ఉల్లంఘించడం 30వ సెక్షన్ ప్రకారం స్వయంగా నేరం. ఆయుధం పోయిందా లేదా అన్న ప్రశ్నకు ముందే, లెక్క సరిగా ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గర నేరం నిర్ధారణ కావచ్చు. యాజ్ఞవల్క్యుడు దొంగల వల్ల పోయిన నిక్షేపానికి ఇచ్చిన మినహాయింపుకూ ఈ స్థితికీ మధ్య దూరం గమనించదగినది.

మూడవ అంశం 21వ సెక్షన్. ఆయుధాన్ని దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కానప్పుడు దానిని సమీప ఠాణాలోగాని, నిర్దేశించిన షరతులకు లోబడి లైసెన్సు గల వ్యాపారి దగ్గరగాని అప్పగించాలి. యజమాని మరణించినప్పుడు వారసులు, లైసెన్సు గడువు తీరినప్పుడు లైసెన్సుదారు ఈ దారినే అనుసరిస్తారు. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించినప్పుడు, అదనంగా ఉన్న తుపాకిని ఒక సంవత్సరంలోగా ఠాణాలోగాని వ్యాపారి దగ్గరగాని అప్పగించే అవకాశం ఇచ్చింది. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను డిపాజిట్ చేయించడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠకులకు వార్తల్లో పరిచితమైన విషయం.

ఇక్కడ వ్యాపారి పాత్ర మారుతుంది. అమ్మకం కోసం తెచ్చిన సరకుకు అతను యజమాని. అప్పగించిన ఆయుధానికి అతను నిక్షేపకుడు. మొదటిదాని విషయంలో లాభనష్టాల ఆలోచన అతన్ని జాగ్రత్తపరుస్తుంది. రెండవదాని విషయంలో ఆ ప్రేరణ లేదు. సంవత్సరాల తరబడి ఎవరూ తిరిగి అడగని తుపాకి దుకాణంలో ఒక మూల పడి ఉంటే, దానిని రోజూ గుర్తుచేసేది రిజిస్టరులోని ఒక వరుస మాత్రమే. ప్రైవేటు దుకాణం ఒక చిన్న ప్రజా ఆయుధాగారంగా మారే ఈ సందర్భంలో నిబంధనల అసలు పరీక్ష జరుగుతుంది. అమ్మకపు సరకుకు తాళం వేసే వ్యాపారి అప్పగింత సరకుకూ తాళం వేస్తాడు. రెండింటి లెక్కనూ వేరువేరుగా, సంఖ్యతో సహా, తరచు సరిచూస్తున్నాడా అన్నది తనిఖీలో తేలవలసిన విషయం.

1962 నియమాల స్థానంలో 2016లో కొత్త ఆయుధ నియమాలు వచ్చాయి. తుపాకిని భద్రంగా ఉంచుతానన్న హామీని దరఖాస్తుదారు నుంచి కోరడంతో భద్రపరచడం అనే బాధ్యత దుకాణం నుంచి ఇంటి దాకా విస్తరించింది. లైసెన్సులన్నిటినీ జాతీయ స్థాయి సమాచార నిధిలో చేర్చి, ప్రతి లైసెన్సుదారుకూ విశిష్ట గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి అంతకుముందే మొదలైంది. వలస పాలన నాటి గళ్ల పుస్తకం ఈ విధంగా కంప్యూటరులోకి మారింది. పుస్తకం రూపం మారినా ప్రశ్నలు మారలేదు: ఏ ఆయుధం, ఏ సంఖ్య, ఎవరి దగ్గర, ఏనాటి నుంచి?

పదజాలంలో చరిత్ర

ఈ పరిణామం తెలుగు పదజాలంలోనూ కనిపిస్తుంది. తుపాకి అనే మాట తురుష్క భాష నుంచి, ఫిరంగి అనే మాట పారశీకం మీదుగా తెలుగులో స్థిరపడ్డాయి. భద్రపరచడానికి చెందిన మాటల్లో నిక్షేపం, ఉపనిధి, ఆయుధాగారం సంస్కృతం నుంచి వచ్చాయి. ఖాతా, ఠాణా, తనిఖీ, జప్తు ఉత్తరాది భాషల నుంచి, పారశీక, అరబ్బీ పాలనా పరిభాష నుంచి చేరాయి. లైసెన్సు, రిజిస్టరు, డిపాజిట్ ఆంగ్లం నుంచి వచ్చాయి. మూడు పాలనల పొరలు ఒకే దుకాణంలో కలిసి ఉన్నాయి. వీటిలో మొదటి వర్గం మాటలు నమ్మకాన్ని, రెండవ వర్గం అధికారుల రాకపోకలను, మూడవ వర్గం కాగితాన్ని సూచిస్తాయి. నిక్షేపం అనే మాటలో ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఉన్న నైతిక బంధం ఉంది. డిపాజిట్ అనే మాటలో అది తగ్గి, రసీదు ముందుకు వచ్చింది. ఆయుధాల విషయంలో రెండూ అవసరమని రొడ్డా ఘటన చెబుతుంది. అక్కడ నమ్మకం ఉంది, రసీదు లేదు.

ముగింపు

ఆయుధ విక్రయశాలల భద్రతా నిబంధనలు వలస పాలకుల భయం నుంచి పుట్టాయి. ఆ భయం ప్రజల మీది అపనమ్మకం. స్వాతంత్ర్యానంతరం ఆ నిబంధనల రూపం చాలావరకు నిలిచి, లక్ష్యం మారింది. పుట్టుకను చూపి వాటిని తోసిపుచ్చడం ఎంత తొందరపాటో, నేటి లక్ష్యాన్ని చూపి పుట్టుకను మరచిపోవడం అంతే తొందరపాటు. ఏ నియమం పాలకుడి రక్షణకు వచ్చింది, ఏ నియమం ప్రజల రక్షణకు పనికివస్తుంది అని విడదీసి చూడడం చరిత్రకారుల పని.

ఆ విధంగా విడదీసినప్పుడు నిలిచే నియమాలు నాలుగు. ప్రతి ఆయుధానికీ చెరగని గుర్తు ఉండాలి. బయలుదేరిన సరకునూ చేరిన సరకునూ అదే రోజు, ఇద్దరు వేర్వేరు మనుషులు సరిచూడాలి. తుపాకినీ తూటానూ వేరుచేసి ఉంచాలి. పోయిన సంగతి గంటల్లో తెలియాలి, రోజుల్లో కాదు. వీటిలో ఏ ఒక్కటీ ఖరీదైన ఇనుప గదిని కోరదు. అన్నీ క్రమం తప్పని శ్రద్ధను కోరతాయి. గోడ మందాన్ని ఒకసారి కొలిస్తే సరిపోతుంది. లెక్కను మాత్రం ప్రతిరోజూ చూడాలి.

పరిశోధకులకు మరొక సూచన ఇక్కడ చేయవచ్చు. పుస్తకాల నమోదు జాబితాలు లేకపోతే 19వ శతాబ్ది తెలుగు ముద్రణ చరిత్ర చాలావరకు చీకటిలో ఉండేది. జిల్లా కార్యాలయాల్లోనూ పాత విక్రయశాలల్లోనూ ఉండే ఆయుధ రిజిస్టర్లు కూడా అలాంటి ఆధారాలే. ఏ ఊరిలో ఎవరికి తుపాకి ఉండేది, అది వేటకో, పంట కాపలాకో, హోదాకో, ఏనాడు ఎవరి చేతికి మారింది అనే వివరాలు స్థానిక చరిత్రకు, సామాజిక చరిత్రకు ఉపకరిస్తాయి. భద్రత కోసం రాసిన ఖాతాను కూడా భద్రపరచవలసి ఉంది. జమ్మిచెట్టు మీది ఆయుధాలు ఎవరెవరివో అర్జునుడు చెప్పగలిగాడు కాబట్టే ఉత్తరుడికి వాటి చరిత్ర తెలిసింది.